నాగరత్నం వేషం

సికింద్రాబాద్,
2 ఫిబ్రవరి 2025

బాబాయ్‌కి సుకన్య నమస్కారం.

మీ చెవులు ఎలా ఉన్నాయని ఈసారి అడగను. కిందటిసారి అడిగితే ‘ఉన్నచోటే ఉన్నాయి’ అని రాశారు. ఫోను చేస్తే మీకు నా పెదాలు కనపడవు, మెసేజీ పెడితే అంత చిన్న అక్షరాలు చదవనంటారు. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను. ఒకందుకు ఇదే మంచిది. నేను చెప్పేది సగంలో ఆపి ఈల ఊదటం మీకు కుదరదు.

నేను సినిమాలో వేషం వేస్తున్నాను. ఉత్తరం మడిచి పక్కన పెట్టకుండా చివరిదాకా చదవండి.

బాస్కెట్‌బాల్ మానేసి రెండేళ్ళయింది. లూథియానాలో రీబౌండ్ కోసం లేచి కిందికి దిగినప్పుడు మోకాలు పక్కకి తిరిగిందే, ఆ రోజు నుంచీ నేను సరిగా లేను. రెండో ఆపరేషన్ అయ్యాక డాక్టరు, ‘నడవొచ్చు, ఎగరొద్దు’ అన్నాడు. ఎవరైనా సంతోషించే మాటే అది. పదిహేనేళ్ళు రైల్వేకి ఆడి, దేశం చొక్కా వేసుకుని, థాయ్‌లాండ్ క్లబ్బులో రెండు సీజన్లు జీతానికి ఆడొచ్చిన దాన్ని. నన్ను రిజర్వేషన్ ఆఫీసులో టేబుల్ వెనక కూర్చోబెట్టారు. నా కాళ్ళు ఆ టేబుల్ కింద పట్టవు. అవి ఊరికే ఉండవు కూడా. భోజనం గంట కొట్టగానే స్టేషన్లో ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తాను.

అలా నడుస్తుంటే ఒకాయన ఎదురొచ్చాడు.

“మేడమ్, ఏ బండి కోసం చూస్తున్నారు?”

“ఏ బండీ కాదండీ. నడుస్తున్నాను.”

“చూస్తూనే ఉన్నా. మీరు ఎటు నడిస్తే అటు జనం పక్కకి జరుగుతున్నారు.”

ఆయన పేరు డేవిడ్, సినిమా దర్శకుడు. తీస్తున్నది కౌబాయ్ సినిమా. గుర్రాలూ, తుపాకులూ, దుమ్మూ ఉంటాయి గానీ కథ మన పల్నాటిదే, నాపరాళ్ళ క్వారీల్లో జరుగుతుంది. క్వారీ యజమానిని ఎవరో చంపుతారు. ఎవరన్నది ఆఖరిదాకా తెలీదు. అప్పుడు నాగరత్నం అనే ఆవిడ గుర్రమెక్కి ఊళ్ళోకి వస్తుంది. కూలికి తుపాకి పేల్చే మనిషి. ఆమెని ఎవరు పిలిపించారో కూడా ఎవరికీ తెలీదు. ఆ నాగరత్నం నేనే.

మార్చి నుంచి షూటింగ్. సెలవు పెట్టేశాను. అమ్మా నాన్నా ఉంటే వాళ్ళకి చెప్పేదాన్ని. ఇప్పుడు నాకు చెప్పుకోవటానికి మీరూ పిన్నీ ఉన్నారు. మోకాలు బాగానే ఉంది.

మీ
సుకన్య

*

నరసరావుపేట,
10 ఫిబ్రవరి

సుకన్యా,

నీ ఉత్తరం మీ పిన్ని బుల్లెమ్మకి పైకి చదివి వినిపించాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నీకు పన్నెండేళ్ళప్పుడు బజార్లో పిల్లలు ‘కరెంటు స్తంభం’ అని వెంటపడితే ఏడ్చుకుంటూ మా ఇంటికొచ్చావు. మర్నాడు పొద్దున్నే నిన్ను మన స్కూలు గ్రౌండుకి తీసుకెళ్ళి రింగు కింద నిలబెట్టాను. ఎత్తుతో ఏం చెయ్యొచ్చో చూపించాను. ఆ తర్వాత నిన్ను చూసి నవ్వినవాళ్ళే నీ పేరు పేపర్లో చదివారు. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి నీ ఎత్తుని జనం నోరు తెరిచి చూడటానికి పెడతానంటున్నావు. దర్శకుడికి నీ ఆట తెలుసా? తెలీదు. స్టేషన్లో ఒక పొడుగు ఆడమనిషి కనపడింది, అంతే.

ఇంకో సంగతి. నీకోసం ఒక మంచి చోటు చూశాను. నిన్ను అడక్కుండానే మాటిచ్చేశాను, కోప్పడకు. నీ ఫోటోలు చూపిస్తే వాళ్ళకి చానా నచ్చావు. ఎత్తుకి వంకపెట్టే మనుషులు కాదు. వేసవిలో మొదలుపెడదామని అందరి ఉద్దేశం. ఒక్కసారి వచ్చి చూస్తే నువ్వే కాదనలేవు. మిగతా వివరాలు ఎదురుగా చెప్తాను. ఉత్తరంలో రాస్తే నువ్వు సగం చదివి ఊహించుకుంటావు.

ఈ ఏడు మిరప తోటలకి తెగులొచ్చిందని రొంపిచెర్లలో మీ పిన్ని అన్నగారు దిగులుగా ఉన్నారు. చూసి రావాలి.

బాబాయ్
లక్ష్మీనారాయణ

*

మాచర్ల,
9 మార్చి

బాబాయ్,

ఇది లాడ్జి మేడమీద ఎండలో తిరుగుతూ రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకండి.

గురజాల దాటాక, పని ఆగిపోయిన ఒక క్వారీలో ఊరు కట్టారు. ముందు నుంచి చూస్తే బజారు, కల్లు దుకాణం, పోలీసు ఠాణా. వెనక్కి వెళ్తే ఉత్త కర్రలూ మేకులూ. ఫోటోలు బయటికి పోకుండా పొద్దున్నే అందరి ఫోన్లూ తీసేసుకుంటారు.

హీరో గారు నా భుజం దాకా వస్తారు. మేమిద్దరం ఎదురుపడే షాట్‌కి ఆయన్ని చెక్కపెట్టె ఎక్కించారు. అదీ చాలక, నేను నిలబడేచోట గొయ్యి తీశారు. ఇన్నేళ్ళ ఆటలో నన్ను గొయ్యిలో నిలబడమన్నవాళ్ళు లేరు. సరేనని దిగాను. డేవిడ్ గారు వచ్చి చూసి, “ఎవరయ్యా ఇది తవ్వింది? ఆవిడ్ని చూసి ఊరంతా భయపడాల. పాతిపెడితే ఎవరు భయపడతారు? పూడ్చండి” అన్నారు. హీరో గారు పెట్టె దిగి, తల పైకెత్తి మాట్లాడారు. షాట్ బాగా వచ్చిందట.

గుర్రం పేరు మల్లి. దాన్ని చూసుకునే అతను ఆసిఫ్. “అక్కా, చేతుల్తో కాదు, తొడల్తో పట్టుకో. అది నీ మాట అక్కడ్నుంచే ఇంటది” అని నేర్పాడు. మూడో రోజుకి పరుగెత్తించాను. బాబాయ్, మీకెలా చెప్పను. రెండేళ్ళ తర్వాత పరుగు మళ్ళీ నా కిందకి వచ్చింది. గాలి చెవుల్లో ఈల వేస్తుంటే మోకాలి సంగతే మర్చిపోయాను. ఏప్రిల్లో ఒక పెద్ద షాట్ ఉంది. తుపాకి గుండు తగిలి నాగరత్నం పరుగెత్తే గుర్రం మీంచి పడాలి. నేనే పడతానని చెప్పాను. పడటం నాకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు.

మీరు చూసిన చోటు గురించి. వద్దు బాబాయ్. నాకు ముప్పై ఆరేళ్ళు. నన్ను నలుగురి ముందూ నిలబెట్టి చూపించే వయసు దాటిపోయింది. వాళ్ళని వేరే ఎవర్నయినా చూసుకోమనండి.

సుకన్య

*

నరసరావుపేట,
16 మార్చి

సుకన్యా,

వయసు దాటిపోయిందని రాశావు. ఏంది ఆ మాట? నేను యాభై ఎనిమిదేళ్ళ దాకా చేశాను. ఇప్పుడు చెవులు పోయాయి గాబట్టి నీకు అప్పగిద్దామనుకుంటున్నాను. నలుగురి ముందు నిలబడటం నీకు కొత్త కాదు. వాళ్ళు నలుగురు కూడా కాదు, పద్నాలుగు మంది. అందరూ నీకోసమే కాచుక్కూర్చున్నారు. వేరేవాళ్ళని చూసుకోమని వాళ్ళ ముఖం మీద ఎట్లా చెప్పను?

దానికంటే ముందు ఇది చెప్పు. గుర్రం మీంచి పడటం ఏమిటి? నీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడిగావా? ఆ మోకాలు ఇంకోసారి తిరిగితే నడక కూడా పోతుందని ఆయన అన్నప్పుడు నీ పక్కన కూర్చున్నది నేను. అప్పటికి నాకు చెవులు బాగానే ఉన్నాయి.

బాబాయ్

*

మాచర్ల,
24 మార్చి

బాబాయ్‌కి,

డాక్టర్ని అడిగాను. ఫరవాలేదన్నాడు.

మీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. పద్నాలుగు మంది ఉన్న కొంపలోకి నన్ను పంపాలని మీకెలా అనిపించింది? యాభై ఎనిమిదేళ్ళ దాకా మీరు చేసింది కాపురమే కావచ్చు. పిన్ని లాంటి మనిషి దొరికింది కాబట్టి చేశారు. నాకెవరూ అక్కర్లేదు. ఇంతకన్నా రాస్తే పెద్దాచిన్నా లేకుండా మాట వస్తుంది.

మల్లి బాగుంది. ఈ మధ్య నేను వెళ్ళగానే ముందుకాలితో నేల గీస్తోంది. దానికీ నిలబడటం ఇష్టం లేదు.

సుకన్య

*

మాచర్ల,
5 ఏప్రిల్

లక్ష్మీనారాయణ మాస్టారు గారికి,

అలా పిలిచినందుకు మీకు బాధ కలిగితే కలగనివ్వండి.

నిన్న పొద్దున మేకప్ వేసుకుని, తోలు కోటు తొడుక్కుని, గుర్రం దగ్గరికి వెళ్తుంటే డేవిడ్ గారు పిలిచారు. ఆయన చేతిలో కాగితం ఉంది. ఆ గుండ్రటి చేతిరాత దూరం నుంచే గుర్తుపట్టాను. పక్కన ఫైట్ మాస్టరు, కెమెరా వాళ్ళు, ఆసిఫ్, అందరూ ఉన్నారు.

“మేడమ్, మీకు రెండు ఆపరేషన్లు అయినయ్యంట. నిజమేనా?”

“నిజమే.”

“మరి నాకు చెప్పలేదేంది?”

“మీరు అడగలేదు.”

“అడగకపోతే చెప్పరా? రేపు మీకేదన్నా అయితే నేను ఎవరికి సమాధానం చెప్పుకోవాల? మీ బాబాయ్ గారు ఇంత వివరంగా రాసినాక నేను మిమ్మల్ని గుర్రమెక్కించలేను.”

మద్రాసు నుంచి డూప్‌ని పిలిపిస్తున్నారు. గుర్రం మీద ఉండే షాట్లన్నీ అతనివే. అతను నా కోటు వేసుకుంటాడు, నా జుట్టు లాంటి విగ్గు పెట్టుకుంటాడు. మల్లిని కూడా అతనికే ఇచ్చేశారు.

అవును, డాక్టర్ని అడగలేదు. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు కాబట్టే అడగలేదు. ఈ మోకాలు నాది. దీన్ని పట్టుకుని దేశాలు తిరిగిందీ నేనే, ఆపరేషన్ బల్ల మీద పడుకుందీ నేనే. దీంతో ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను. మీరు మోకాలిని కాపాడి నన్ను మళ్ళీ తీసుకెళ్ళి టేబుల్ వెనక కూర్చోబెట్టారు.

ఆ పద్నాలుగు మంది ఇంటివాళ్ళ కోసమే ఇదంతా చేశారా? కుంటిదైతే వాళ్ళు ఒప్పుకోరనా?

సుకన్య

*

నరసరావుపేట,
10 ఏప్రిల్

సుకన్యా,

తిట్టావు, పడ్డాను. రాసింది మాత్రం మళ్ళీ రాయమన్నా రాస్తాను.

కాపురం ఏమిటో, కుంటిది ఏమిటో, నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు బోధపడలేదు. మీ పిన్ని చదివి, “మీరిద్దరూ చెరో ఊరికి బస్సెక్కి కొట్టుకుంటున్నారు” అంది. ఆదివారం పొద్దున బస్సుకి మాచర్ల వస్తున్నాను. నీ ముఖం చూస్తే గాని నాకు తెలీదు.

బాబాయ్

*

మాచర్ల, మీ లాడ్జిలో,
13 ఏప్రిల్, ఆదివారం

సుకన్యా,

నువ్వు పొద్దున్నే నరసరావుపేట పోయావని లాడ్జి అతను కాగితం మీద రాసి చూపించాడు. నా ఉత్తరం నీకు అందలేదన్నమాట. వచ్చింది వచ్చానని ఆటో మాట్లాడుకుని క్వారీకి వెళ్ళాను.

డేవిడ్ నన్ను చూసి కంగారుపడ్డాడు. కొట్టడానికి వచ్చాననుకున్నాడు. తర్వాత కుర్చీ వేయించి మజ్జిగ ఇచ్చాడు. నీ డూప్‌ని చూశాను. నీ కోటు అతనికి పాదాల దాకా ఉంది. గుర్రం మీంచి పడ్డాడు. దర్శకుడికి నచ్చలేదు, ఇంకోసారి పడ్డాడు. మళ్ళీ ఇంకోసారి. లేచి దుమ్ము దులుపుకుని టీ తాగాడు. నాకు నవ్వొచ్చింది. వీడికోసమా నా పిల్లని దించేశానని సిగ్గు కూడా వేసింది.

పొద్దెక్కాక డేవిడ్ మానిటర్లో నీ పాత షాట్లు చూపించాడు. మాటలు నాకు ఎటూ వినపడవు గనక మనిషినే చూశాను. కల్లు దుకాణంలోకి వస్తావే, ఆ షాట్. గుమ్మానికి తల తగలకుండా వంగుతావు, మళ్ళీ లేచేటప్పుడు తొందర లేదు. కోర్టులో నువ్వెప్పుడూ అంత తీరిగ్గా లేవు. రింగు కింద నీకు ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టే ఉండేది. ఇది నా పిల్లేనా అని రెండోసారి వేయించుకుని చూశాను.

పొడుగు కోసమే నిన్ను తీసుకున్నాడని రాశాను. అది తప్పు.

నాలుగింటి బస్సుకి పోతున్నాను. నువ్వు ఇంట్లోనే ఉండు.

బాబాయ్

*

మాచర్ల,
15 ఏప్రిల్

బాబాయ్,

మీరు ఇంట్లోనే ఉండమన్న కాగితం నేను లాడ్జికి తిరిగొచ్చాక చదివాను. పిడుగురాళ్ళ దగ్గర మీ బస్సూ నా బస్సూ ఎదురుపడే ఉంటాయి, రెండుసార్లూ.

జరిగింది మొత్తం రాస్తాను. పిన్ని మీకు సగమే చెప్పి ఉంటుంది.

నేను మీతో తేల్చుకుందామని వచ్చాను. పిన్ని వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. “ఏమే, మీ బాబాయ్ నీ దగ్గరికే గదా పోయింది” అంది. నేను చెప్పులు కూడా విడవకుండా, “ఆ సంబంధం వాళ్ళ ఇల్లెక్కడో చెప్పు పిన్నీ, నేనే పోయి వద్దని చెప్పొస్తా” అన్నాను.

“ఏ సంబంధమే?”

“పద్నాలుగు మంది ఉన్న ఇల్లు.”

పిన్ని చేతిలో చింతపండు పక్కన పెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “ఆ పద్నాలుగు మందీ గ్రౌండులో ఉన్నారు, పోయి చూసుకో పెళ్ళివారిని” అంది.

వెళ్ళాను. పద్నాలుగు మంది ఆడపిల్లలు, బాస్కెట్‌బాల్ పట్టుకుని. నన్ను చూడగానే వరసలో నిలబడ్డారు. మీరు నా పాత ఫోటోలు చూపించారట. వేసవి క్యాంపు నాతో చేయిస్తానని వాళ్ళకి మాటిచ్చారట. ఇంత చిన్న సంగతి విప్పి రాయటానికి మీకేమొచ్చింది బాబాయ్? నేను మాత్రం, సంబంధమా అని ఒక్క ముక్క అడిగానా?

భవ్య అనే పిల్ల ఉంది. అందరికంటే పొడుగు. ఆ పొడుగుని దాచుకోవటానికి భుజాలు లోపలికి ముడుచుకుని నిలబడుతోంది. రీబౌండ్‌కి చేతులెత్తుతుంది గానీ లేవదు. నోటితో చెప్పాను. మళ్ళీ చెప్పాను. నాకు నోటితో చెప్పటం రాదు. మీలాగా పక్కన నిలబడి ఈల ఊది ఊరుకోలేను, వాళ్ళు తప్పు చేస్తుంటే నా కాళ్ళు లాగేస్తాయి. “ఇట్లా లేవాల” అని బోర్డుకి కొట్టిన బంతి కోసం లేచాను.

పైన ఉన్నంతసేపూ అద్భుతంగా ఉంది. బంతి రెండు చేతుల్లోకీ వచ్చింది. తర్వాత సిమెంటు మీద దిగాను. లూథియానాలో వినపడిన చప్పుడే మళ్ళీ వినపడింది.

పిల్లలు నన్ను మోసుకొచ్చి ఇంట్లో దించారు. పిన్ని ఐసు పెట్టింది. మీరు వచ్చేదాకా ఉండమంది. ఉండలేకపోయాను. మీరేం అంటారోనని కాదు. ఏమీ అనకుండా నా మోకాలి వంక చూస్తారని. కాలు చాపుకోవటానికి కండక్టరు వెనక సీటు ఇచ్చాడు.

దయచేసి ఇక్కడికి రాకండి. వస్తే నేను అరుస్తాను, మీకు వినపడదు, దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. ఇంకా డేవిడ్ గారికి చెప్పలేదు. రేపు చెప్పాలి. ఆఖరి సీనులో నాగరత్నం క్వారీ అంతా పరుగెత్తాలి.

మీ
సుకన్య

*

నరసరావుపేట,
19 ఏప్రిల్

సుకన్యా,

రావద్దన్నావు, రావటం లేదు. బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

గుర్రం మీంచి పడతావని భయపడి ఊళ్ళోవాళ్ళకి ఉత్తరాలు రాసినవాణ్ణి, నా కోర్టు సంగతి ఆలోచించలేదు. నేను అక్కడ మజ్జిగ తాగుతూ ఆ డూప్‌ని చూసి నవ్వుకుంటున్న రోజే నువ్విక్కడ పడ్డావు. మీ పిన్ని చెప్తుంటే ఆవిడ పెదాలు చదవటం మానేసి గోడ వంక చూశాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని ముఖం తిప్పుకుని మిగతాది చెప్పింది.

భవ్య రెండు రోజులు గ్రౌండుకి రాలేదు. నిన్న వాళ్ళమ్మని వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. తను సరిగా లేవకపోబట్టే నువ్వు పడ్డావని దాని బాధ. “తప్పు నీది కాదమ్మా, నాది” అని చెప్పాను. నీకు పని కావాలని చూశాను గాని ఆ పని నీకు కావాలో వద్దో అడగలేదు. క్యాంపు మాట ఇక నీ దగ్గర ఎత్తను.

డేవిడ్ ఏమన్నాడు? ఒక్క ముక్క రాయి.

బాబాయ్

*

సికింద్రాబాద్,
20 మే

బాబాయ్‌కి,

ఆలస్యానికి కోప్పడకండి. మూడో ఆపరేషన్ అయింది. లోపల చిరిగిన ముక్క తీసేశారు. పిన్ని వారం రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది కాబట్టి అక్కడి సంగతులు మీకు తెలుసు. మీరు రాకుండా పిన్నిని పంపారు. నా మాట మీరు విన్నది ఇదే మొదటిసారి.

షూటింగ్ సంగతి పిన్నికి చెప్పలేదు, మీకు రాద్దామని ఆగాను.

డేవిడ్ గారు వచ్చి నా మోకాలి ముందు గొంతుక్కూర్చున్నారు. కుండంత వాచి ఉంది. తిడతారనుకున్నాను. “నడవగలరా?” అన్నారు. “పట్టుకుంటే.” “కూర్చోగలరా?” “అది ఒక్కటే నాకు చేతకాదండీ” అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. వేషం పోయిందనుకుని పెట్టె సర్దుకున్నాను.

పొద్దున్నే కారు పంపించారు. క్వారీ మధ్యలో, ఎండలో, ఒక ఇనప కుర్చీ వేసి ఉంది. ఆఖరి సీను మొత్తం మార్చేశారు. నాగరత్నం పరుగెత్తదు. గుర్రం మీంచి పడి కాలు విరిగింది, అందుకని కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆమెని చంపటానికి ఐదుగురు వస్తారు. అందులో ఒకడు క్వారీ యజమానిని చంపినవాడు. వాళ్ళు ఒక్కొక్కళ్ళూ దగ్గరికొస్తుంటే ఆమె ఊరికే చూస్తూ ఉంటుంది, ఎవడు ముందు చూపు దించుకుంటాడా అని.

నన్ను కదలొద్దన్నారు. రాయి మీద ఎండ పడి ముఖానికి కొడుతోంది. ఒళ్ళంతా లేచి పరుగెత్తమంటోంది. చేతులు ఆపాను, మెడ ఆపాను. బాగున్న కాలు మాత్రం ఆగలేదు. మడమ దానంతట అదే నేలకి కొట్టుకుంటోంది. ఆఫీసులో టేబుల్ కింద కొట్టుకున్నట్టే. అసిస్టెంటు కుర్రాడు “కాలు, కాలు” అని అరిచాడు. డేవిడ్ గారు, “నోర్ముయ్యి, అదే కావాల్సింది. కెమెరా కాలి మీదికి దించండి” అన్నారు.

ఎదురుగా వస్తున్న ఐదుగురూ నటులే బాబాయ్. అయినా వాళ్ళలో ఒకాయన నిజంగానే ఆగిపోయాడు. తర్వాత వచ్చి, “మీరు ఎప్పుడు లేచి మీద పడతారో అర్థం కాలేదండీ” అన్నాడు.

ఆ పిల్లల కోసం ఒక ఏర్పాటు చేశాను. మా పాత కెప్టెన్ షెర్లీ గుంతకల్లులోనే ఉద్యోగం చేస్తోంది. తెలుగు అంతంతమాత్రం గానీ ఓపిక చాలా ఎక్కువ. ఒకే మాట వందసార్లు చెప్పినా విసుక్కోదు. నెల సెలవు పెట్టి వస్తానంది. మీకు నచ్చకపోతే పంపించెయ్యండి. ఈసారి మిమ్మల్ని అడిగే చేస్తున్నాను.

మీ
సుకన్య

*

నరసరావుపేట,
16 నవంబరు

సుకన్యకి,

సినిమా చూశాం. ‘నాపరాళ్ళ ఊరు’ అని ఊరంతా పోస్టర్లు. వాటిల్లో నువ్వు లేవు, హీరో ఉన్నాడు. మీ పిన్ని ప్రతి పోస్టరు దగ్గరా ఆటో ఆపించి వెతికింది.

పద్నాలుగు మందినీ, షెర్లీనీ తీసుకుని వెళ్ళాం. షెర్లీ దీనికోసం గుంతకల్లు నుంచి వచ్చింది. క్యాంపు అయిపోయాక కూడా ఆ అమ్మాయి సెలవు దొరికినప్పుడల్లా వస్తూనే ఉంది. పిల్లలు ఆమె తెలుగుని వెక్కిరిస్తారు, ఆమె చెప్పినట్టే ఆడతారు. నీకు నేర్పటం రాదన్నావు గాని నేర్పేవాళ్ళని చూడటం వచ్చు.

నువ్వు కల్లు దుకాణంలోకి వచ్చినప్పుడు పిల్లలు లేచి నిలబడి అరిచారట. వెనక వరసవాళ్ళు తిడుతున్నారని మీ పిన్ని చెప్పింది. గుర్రం మీంచి పడ్డప్పుడు ఎవరూ అరవలేదు. అది నువ్వు కాదని వాళ్ళకి తెలుసు.

నీకు వేరే ఎవరి గొంతో పెట్టారని మీ పిన్నికి కోపం. “మన పిల్ల గొంతు ఇట్లా మెత్తగా ఉంటదా” అని సినిమా అయ్యేదాకా గొణుగుతూనే ఉంది. నాకు ఆ బాధ లేదు. నచ్చకపోతే దర్శకుడితో మాట్లాడుకోమన్నాను.

కుర్చీ సీను. నేను హాలు వంక తిరిగి చూశాను. నీ మడమ కొట్టుకుంటుంటే జనం సీట్లలో ముందుకి జరిగారు. ఎవరూ సోడా తాగటం లేదు, ఎవరూ ఫోను చూసుకోవటం లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ నీకు ఆట నేర్పాననుకున్నాను. ఆట లేనప్పుడు ఆ కాళ్ళని ఏం చేసుకోవాలో నీకు చెప్పలేదు. నాకూ తెలీదు. రిటైరయ్యాక పొద్దున్నే ఐదింటికి గ్రౌండుకి పోయి తాళం తీసి కూర్చునేవాణ్ణి, ఎవరూ రాకపోయినా.

డేవిడ్ ఇంకో సినిమాకి పిలిచాడని షెర్లీ చెప్పింది. నేను ఏమీ చెప్పను. నీ ఇష్టం.

బాబాయ్

*

గుంటూరు,
8 ఫిబ్రవరి 2026

బాబాయ్‌కి సుకన్య నమస్కారం.

గుంటూరు స్టేషన్లో మాకు ఇచ్చిన విశ్రాంతి గదిలో ఉన్నాను. తిరుగుబండికి ఇంకా కాసేపు టైముంది. విశ్రాంతి తీసుకోవటం నాకు రాదు కాబట్టి రాస్తున్నాను.

డేవిడ్ గారికి వద్దని చెప్పాను. కొత్త సినిమాలో కూడా కుర్చీయే. మొదటి నుంచి చివరిదాకా నేను కుర్చీలోనే ఉండాలట. జనం అదే అడుగుతున్నారట. ఒక్కసారి కూర్చోగలిగాను. దాన్ని ఉద్యోగం చేసుకోలేను.

మీకు చెప్పకుండా ఒక పని చేశాను. రిజర్వేషన్ ఆఫీసు నుంచి మార్చమని పెట్టుకున్నాను. మెడికల్లో మోకాలిని అటూ ఇటూ తిప్పి చూసి, నడవొచ్చన్నారు. ఇప్పుడు బండిలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, గుంటూరు నుంచి సికింద్రాబాద్. నల్ల కోటు పొడుగు చాలక కుట్టించుకున్నాను. ఈసారి మా ఆఫీసరుకి ఉత్తరం రాయకండి. డాక్టర్ని అడిగే చేరాను, ఆయన పేరు రాసి పంపమన్నా పంపుతాను.

నిజం చెప్పాలంటే నొప్పి ఉంది. మిర్యాలగూడ దాటేసరికి మొదలవుతుంది. నడికుడిలో బండి ఆగినప్పుడు దిగి, కాలు ఒకసారి విదిలించి ఎక్కుతాను. కానీ బాబాయ్, కింద నేల కదులుతూ ఉంటుంది. నేను నిలబడ్డా సరే, ఎక్కడికో పోతూనే ఉంటాను. డబ్బాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, తలుపు దాటి ఇంకో డబ్బాలోకి పోతే అక్కడ ఇంకా చూడని మనుషులుంటారు. రాత్రి ఇంటికెళ్ళి పడుకుంటే కాళ్ళు కొట్టుకోవటం లేదు. నిద్ర పడుతోంది. చాలా ఏళ్ళయింది నాకు అలా నిద్రపట్టి.

ఇవాళ వచ్చేటప్పుడు పిడుగురాళ్ళలో ఒక కుటుంబం ఎక్కింది. పెళ్ళికి పోతున్నట్టున్నారు, కాళ్ళ దగ్గరంతా సంచులు. టికెట్లు అడిగితే ఇంటిపెద్ద తీసిస్తూ నా ముఖంలోకి చూసి ఆగిపోయాడు. “ఏమేవ్, చూడు, కుర్చీలో కూర్చుంటదే, ఆమె” అన్నాడు. ఆయన భార్య కిటికీ పక్కన కూర్చున్న పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని చోటు చేసింది.

“కూర్చో అమ్మా. ఒక్క ఫోటో తీసుకుంటాం. సినిమాలో మాదిరి కూర్చో.”

చుట్టూ ఫోన్లు లేచాయి. మోకాలు కూడా కూర్చోమనే అంటోంది. ఆ సీటు వంక చూశాను. నేను కూర్చుంటే ఇంక లేవనేమోనని ఒక్క క్షణం భయం వేసింది.

“నిలబడే తీసుకోండి” అన్నాను. పైబెర్తుకి తల తగలకుండా చూసుకుని, వాళ్ళందరి కంటే పొడుగ్గా, నిటారుగా నిలబడ్డాను. ఆయన ఫోను పైకెత్తాడు, చాలలేదు, సీటెక్కి తీశాడు. తర్వాత టికెట్ల మీద గీత గీసి ఇచ్చి పక్క డబ్బాలోకి నడిచాను.

బండి ప్లాట్‌ఫారం మీద పెట్టారు. పిన్నిని అడిగినట్టు చెప్పండి. వెళ్తున్నాను.

మీ
సుకన్య